సమాధుల తోటలో పూచే బిళ్ళగన్నేరు



ఈ ఎండాకాలం చాలామంది మమ్మల్ని ఒకటే అడిగారు. "అయ్యగారూ, నీళ్ళు పెద్దగా పోయకపోయినా బతికే పూలమొక్క ఏదన్నా ఉంటే చెప్పండి. ఇంటి ముందర బోసిగా ఉంది" అని. అడగడంలో న్యాయం ఉంది. మన కావలి చుట్టుపక్కల ఊళ్ళ సంగతి మనకు తెలియంది కాదు. ఆకాశం మనకు వాన ఇచ్చేది ఎక్కువగా అక్టోబరు నుండి డిసెంబరు లోపలే. ఆ మూడు నెలల్లో పడిందే పంట, నిండిందే చెరువు. ఆ తర్వాత నెలల తరబడి ఎదురుచూపు. రోహిణి కార్తె వచ్చేసరికి ఇసుక నేల పెనంలాగా కాలుతుంది. సముద్రం వైపు పోయేకొద్దీ బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఇంట్లో తాగే నీళ్ళే బిందె లెక్కన కొనుక్కునేవాళ్ళు మొక్కకు ఎక్కడి నుంచి తెచ్చి పోస్తారు?

అందుకే ఈసారి బిళ్ళగన్నేరు గురించి రాస్తున్నాం. ఈ పేరు చూడగానే కొందరు మొహం చిట్లిస్తారని తెలుసు. "అది సమాధుల మీద పూసే పువ్వు గదా అయ్యగారూ, ఇంట్లోకి ఎందుకు?" అంటారు. ఆ ప్రశ్న దగ్గరికి కూడా వద్దాం. ముందు మొక్కను చూద్దాం.

బిళ్ళగన్నేరు మోకాలెత్తు పెరిగే చిన్న పొద. ఆకు నున్నగా, ముదురాకుపచ్చగా, మధ్యలో తెల్లని ఈనెతో ఉంటుంది. పువ్వుకు ఐదు రేకులు. మనవైపు ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు. ఒకటి గులాబీ వన్నెది, నడుమ ముదురు చుక్కతో. రెండోది తెల్లది. నర్సరీ వాళ్ళు దీన్ని వింకా అని అమ్ముతారు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు కాథరాంథస్ రోజియస్. ఆ మొదటి మాటకు గ్రీకులో నిర్మలమైన పువ్వు అని అర్థం. దీని సొంత ఊరు మడగాస్కర్ దీవి. అక్కడి నుండి ఓడలెక్కి లోకమంతా తిరిగి, ఎక్కడ దిగితే అక్కడే నాటుకుంది. పొరుగున తమిళులు దీన్ని నిత్యకల్యాణి అని పిలుస్తారు. సుడుగాట్టు మల్లి, అంటే శ్మశానపు మల్లె అనే పేరు కూడా వాళ్ళకు ఉంది. ఒకే పువ్వుకు పెళ్ళి పేరు ఒకటి, చావు పేరు ఒకటి!

పెంచడం చాలా తేలిక. చెట్టు మీద జంటగా సన్నటి కాయలు కాస్తాయి. అవి పసుపు తిరిగినప్పుడే కోసి నీడన ఆరబెట్టుకోవాలి. ఆలస్యమైతే పగిలి గింజలు నేల రాలిపోతాయి. గింజ నల్లగా ఆవగింజంత ఉంటుంది. జూన్, జూలై నెలల్లో ఒక వెడల్పాటి తొట్టిలో ఇసుక, ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు కొంచెం కలిపి గింజలు చల్లాలి. చల్లిన తర్వాత పైన పలచగా మట్టి కప్పడం మరిచిపోవద్దు. ఈ గింజ వెలుతురులో సరిగా మొలవదు. దానికి చీకటి కావాలి. కప్పిపెట్టిన గింజ వారం పది రోజుల్లో తల ఎత్తుతుంది. నాలుగైదు ఆకులు వచ్చాక అడుగు ఎడంలో నాటుకోవాలి. వేరు పట్టేదాకా రెండు మూడు వారాలు రోజు విడిచి రోజు నీళ్ళు పోయాలి. జానెడు పెరిగాక కొన చిగురు తుంచితే పక్క కొమ్మలు వేసి గుబురుగా వస్తుంది.

ఆ తర్వాత దాని జోలికి ఎక్కువగా పోకపోవడమే దానికి మేలు. పైమట్టి పూర్తిగా ఎండాకే నీళ్ళు. వేసవిలో వారానికి ఒకసారి అంట్లు కడిగిన బియ్యపు నీళ్ళలాంటివి పోసినా చాలు. సబ్బు లేకుండా చూసుకోవాలి. ఎరువు దండిగా వేస్తే ఆకు ఏపుగా వస్తుంది గానీ పూత తగ్గుతుంది. మిట్ట మధ్యాహ్నం ఆకులు వడలిపోయి వేలాడుతుంటే కంగారు పడవద్దు. సాయంత్రం గాలి తిరిగాక అవే నిలబడతాయి. చేదు కాబట్టి మేకలు ముట్టవు. రెండు మూడేళ్ళకు కాడ ముదిరి కింద బోసిపోతుంది. అప్పుడు తొలకరికి ముందు సగానికి కత్తిరించండి, లేదా పక్కన మొలిచిన పిల్లమొక్కను దాని చోట పెట్టండి.

ఇక ఈ మొక్కను చంపేది ఏమిటో చెప్పాలి. ఎండ కాదు, నిలవ నీళ్ళు. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజుల్లో మన జిల్లా అంతా వాన ముంచెత్తిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మందిరం ఆవరణలో పల్లంగా ఉన్న వరసలో నాలుగు రోజులు నీళ్ళు నిలిచాయి. అంతకు ముందు మూడు వేసవులు తట్టుకున్న మొక్కలు ఆ నాలుగు రోజులకు వేరు కుళ్ళి పోయాయి. గట్టు మీద ఉన్న వరస మాత్రం బతికింది. కరువును గెలిచినవి సమృద్ధిలో మునిగిపోయాయి. ఆ రోజు ఆవరణలో నిలబడి మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఈ మొక్కల సంగతే మాట్లాడుకుంటున్నాం గానీ, ఇద్దరి మనసుల్లోనూ సంఘంలోని కొన్ని కుటుంబాలు మెదిలాయి. ఇల్లు గడవని రోజుల్లో తెల్లవారుజామున మోకాళ్ళ మీద ఉన్నవాళ్ళు, రొయ్యల గుంటల్లో రెండు పంటలు కలిసొచ్చాక మందిరం దారి మరిచినవాళ్ళు. నిందించడానికి రాయడం లేదు. మొక్క నాటేటప్పుడు నీళ్ళు పోయే దారి చూసుకోవాలని మాత్రమే చెబుతున్నాం. దేవుడిచ్చిన దాంట్లో కొంత ఇతరుల వైపు పారడానికి కాలువ తీసి ఉంచుకున్న ఇల్లు వేరు కుళ్ళదు.

ఇంకో తెగులు ఉంది. అప్పుడప్పుడు ఒక మొక్కకు ఆకులు చిట్టిచిట్టిగా కుచ్చులాగా వస్తాయి. పువ్వులు రావలసిన చోట కూడా ఆకుపచ్చ రేకులే వస్తాయి. చూసేవాళ్ళకు పచ్చగా, ఆరోగ్యంగా కనిపిస్తుంది. నిజానికి అది రోగం. రసం పీల్చే చిన్న దీపపు పురుగుల ద్వారా ఒక మొక్క నుండి ఇంకో మొక్కకు పాకుతుంది. దీనికి మందు వెతుక్కోకుండా ఆ మొక్కను వేరుతో సహా పీకి కాల్చేయాలి, లేకపోతే వరసంతా పోతుంది. ఆకులు తప్ప మరేమీ లేని అంజూరపు చెట్టు దగ్గర మన ప్రభువు ఎందుకు ఆగాడో ఈ తెగులు చూసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు సమాధుల సంగతి. ఈ పువ్వు అక్కడ ఎందుకు పూస్తుంది? ఎవరో పేదవాళ్ళు తమ బిడ్డ సమాధి మీద ఒక మొక్క నాటి ఉంటారు. రోజూ వచ్చి నీళ్ళు పోసే తీరిక ఎవరికీ ఉండదు. గులాబీ అయితే పది రోజుల్లో ఎండిపోతుంది. బిళ్ళగన్నేరు మాత్రం ఉండిపోతుంది. గింజలు రాల్చుకుని పక్క సమాధికి, ఆ పక్క సమాధికి పాకుతుంది. ఎవరూ రాని సమాధి మీద కూడా ఏడాది పొడుగునా నాలుగు పువ్వులు పెడుతుంది. ఇందులో అపశకునం ఏముంది? మనుషులు మరిచిపోయిన చోట మరిచిపోకుండా ఉండిన పువ్వు అది. అది చావును పిలిచి తేలేదు, చావు దగ్గర కాపలా ఉంది.

ఇప్పుడు మా మనసులో చాలా కాలంగా ఉన్న మాట రాస్తాం. పేర్లు రాయం, ఊళ్ళు రాయం.

మన ప్రార్థన కూడికలకు వచ్చే ఒక కుటుంబంలో ఏడేళ్ళ పిల్లవాడికి జ్వరం పట్టి వదలలేదు. ఒంటి మీద కమిలిన మచ్చలు వచ్చాయి. పరీక్షలు చేసి రక్త క్యాన్సర్ అన్నారు. కావలి స్టేషన్లో రైలెక్కి మద్రాసు పోవడం, వారాల తరబడి అక్కడే ఉండడం, మళ్ళీ రావడం, ఇలా రెండేళ్ళకు పైగా సాగింది. ఒకసారి చూడబోయినప్పుడు ఆ బిడ్డ చేతికి సూది పెడుతున్న నర్సమ్మను మేము అడిగాం, ఆ చిన్న సీసాలో మందు ఏమిటని. "వింక్రిస్టిన్. బిళ్ళగన్నేరు ఆకు నుంచి తీస్తారండీ" అన్నదామె, పని ఆపకుండానే.

పక్కన ఆ పిల్లవాడి అవ్వ ఉంది. ఆమె పెరట్లో ఈ మొక్క ఎక్కడ మొలిచినా పీకి పారేసేది, చావు పువ్వని. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అంటే అయ్యగారూ, నేను ఇన్నేళ్ళు పీకి పారేసింది దీన్నేనా?" అంది.

ఆ మందు ఎలా దొరికిందో తర్వాత చదివి తెలుసుకున్నాం. 1952లో జమైకా దీవి నుండి కెనడాలోని క్లార్క్ నోబుల్ అనే డాక్టరుకు ఒక కవరు వచ్చింది. అందులో పాతిక బిళ్ళగన్నేరు ఆకులు. అక్కడి జనం చక్కెర వ్యాధికి వాటిని కాచుకుని తాగుతారని కబురు. ఆయన ఆ ఆకులను తన తమ్ముడు రాబర్ట్ నోబుల్‌కు ఇచ్చాడు. రాబర్ట్ వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయంలో పరిశోధకుడు. ఎలుకలకు ఆ కషాయం తాగిస్తే చక్కెర పెద్దగా తగ్గలేదు. ఆ పని అంతటితో ఆగిపోయి ఉండవచ్చు. కానీ రసాన్ని సూదితో ఎక్కించినప్పుడు ఎలుకల రక్తంలో తెల్ల కణాలు పడిపోయాయి. వెతికింది దొరకలేదు, వెతకనిది కనిపించింది. తెల్ల కణాలు హద్దు లేకుండా పెరిగిపోయే రోగమే గదా రక్త క్యాన్సర్! చార్లెస్ బీర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1954లో ఆయనతో కలిశాడు. 1958లో విన్‌బ్లాస్టిన్ అనే మందును లోకానికి ప్రకటించారు. అదే కాలంలో అమెరికాలోని ఎలీ లిల్లీ కంపెనీలో గోర్డన్ స్వొబోడా బృందం ఇదే మొక్క మీద పనిచేస్తూ వింక్రిస్టిన్ తీసింది. 1963లో దానికి అక్కడ అనుమతి వచ్చింది. ఆ రోజుల్లో ఈ రోగం వచ్చిన పసిబిడ్డల్లో బతికి బట్టకట్టేవాళ్ళు పదిమందిలో ఒక్కరు కూడా కష్టమే. ఈ మందు, దీనికి తోడు వచ్చిన ఇతర మందులు కలిసి, ఇవాళ మంచి వైద్యం సమయానికి అందిన చోట పదిమందిలో ఎనిమిది తొమ్మిది మంది పిల్లలు కోలుకుంటున్నారు. లక్నోలోని సీమాప్ పరిశోధన సంస్థ నిర్మల్, ధవల్ అనే రకాలను రైతుల కోసం తయారుచేసింది. తమిళనాడులో దీన్ని పొలాల్లో పంటగా వేస్తున్నారు.

ఇక్కడ గట్టిగా ఒక మాట చెప్పాలి. ఈ కథ ఊళ్ళో తెలిశాక కొన్ని ఇళ్ళల్లో ఆకులు కోసి కషాయం కాయబోయారు. దయచేసి ఎవరూ ఆ పని చేయవద్దు. ఈ ఆకు విషం. టన్నుల కొద్దీ ఆకు నుండి గ్రాముల లెక్కన మాత్రమే ఆ మందు వస్తుంది. దాన్ని మిల్లీగ్రాముల్లో కొలిచి, నరంలోకి మాత్రమే, తెలిసినవాళ్ళు ఎక్కిస్తారు. నరం తప్పి పక్కకు కారితే కండ కాలిపోతుంది. అంత జాగ్రత్తగా ఇచ్చే దాన్ని చెంబులో కాచుకుని తాగుతారా? చక్కెర మాత్రలు వాడుతున్న పెద్దలు కూడా వాటిని మానేసి ఆకు నమలవద్దు. పసిబిడ్డలు, పశువులు తినకుండా చూసుకోండి. ముట్టుకుంటే ఏమీ కాదు, తినకూడదు.

"ప్రార్థన చేస్తుంటే ఇక మందులెందుకు?" అని అడిగేవాళ్ళూ ఉన్నారు. హిజ్కియా రాజు సంగతి చదవండి. రెండవ రాజుల గ్రంథం ఇరవయ్యో అధ్యాయం. ఆయన గోడ వైపు తిరిగి ఏడ్చాడు, దేవుడు ఆ కన్నీళ్ళు చూశాడు, ఆయుష్షు పెంచుతానని మాట ఇచ్చాడు. అంతా అయ్యాక కూడా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద కట్టించాడు. మాట ఇచ్చిన దేవుడే ఆ పండునూ పుట్టించాడు. మందు తీసుకోవడం అవిశ్వాసం కాదు.

ఆ పిల్లవాడు ఇప్పుడు బడికి పోతున్నాడు. దేవునికి స్తోత్రం.

అయితే సాక్ష్యం ఇక్కడ ఆపేస్తే అది పూర్తి సాక్ష్యం కాదు. అదే ఏడాది ఇంకో ఇంట్లో ఒక ఆడబిడ్డకు అదే రోగం వచ్చింది. అదే మందు ఎక్కించారు. అదే సంఘం ఉపవాసం ఉండి ప్రార్థించింది. ఆ బిడ్డ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ తల్లి మమ్మల్ని అడిగింది, "ఆ బిడ్డకు పనిచేసిన మందు, ఆ బిడ్డకు వినపడిన ప్రార్థన, నా బిడ్డకు ఏమైంది అయ్యగారూ?" అని. మా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. జవాబు ఉన్నట్టు మాట్లాడటం ఆ తల్లికి ద్రోహం అవుతుంది. మేము చేయగలిగింది ఆమె పక్కన కూర్చోవడమే. ఆమె ఆదివారం మందిరానికి రాలేని నెలల్లో మా పాస్టరమ్మ ఆమె ఇంటికి పోయి, కొన్నిసార్లు ఒక్క మాటా లేకుండా, కూరగాయలు తరిగి వచ్చేది. ఆ బిడ్డ సమాధి మీద ఇప్పుడు తెల్ల బిళ్ళగన్నేరు ఉంది. ఎవరు నాటారో మేము అడగలేదు.

మన పెద్దల చరిత్ర కూడా ఇలాంటి నేలలోదే. శామ్యూల్ డే దొర 1840లో నెల్లూరు వచ్చి సువార్త పని మొదలుపెట్టాడు. ఏళ్ళు గడిచినా ఫలం బహు తక్కువ. 1853లో ఈ మిషన్‌ను మూసేద్దామా అని అమెరికాలో చర్చ జరిగింది. దానికి అప్పుడే ఒంటరి నక్షత్రం అనే పేరు వచ్చింది. మూయలేదు. తర్వాత 1876–78లో ధాత కరువు వచ్చింది. ఒంగోలులో ఉన్న క్లౌ దొర మన తీరం వెంబడి సాగే బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం పని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలిగొన్న జనానికి కూలి ఇప్పించాడు. కూడు కోసం మతం పుచ్చుకున్నారనే మాట రాకూడదని ఆ కరువు రోజుల్లో ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. జనం ఎదురుచూశారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ ఒక్క రోజు గురించే మనం గొప్పగా చెప్పుకుంటాం. దానికి ముందు ఏమీ పూయని ఏళ్ళు ఎన్నో ఉన్నాయి. వేరు బతికి ఉన్న ఏళ్ళు అవి.

ఎండిన నేల పూస్తుందని యెషయా ముప్పై ఐదో అధ్యాయంలో చదువుతాం. చదివినప్పుడల్లా పెద్ద పెద్ద తోటలు ఊహించుకుంటాం. ఆ మాట నెరవేరడం ఒక్కోసారి ఇంత చిన్నగా ఉంటుంది. ఐదు రేకులు, మోకాలెత్తు పొద, ఎవరూ నీళ్ళు పోయని ఇసుక. మీలో కొందరు ఇప్పుడు అలాంటి కాలంలో ఉన్నారని మాకు తెలుసు. అప్పు తీరలేదు, కొడుకు ఫోను చేయడు, రోగం తగ్గడం లేదు. మిట్ట మధ్యాహ్నం ఆకు వేలాడినంత మాత్రాన మొక్క చచ్చినట్టు కాదు. సాయంత్రం దాకా నిలబడండి. నిలబడలేకపోతే కబురు చేయండి, మేము వస్తాం.

గింజలు కావలసినవాళ్ళు ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరమ్మను అడగండి. గులాబీవి, తెల్లవి వేరువేరుగా పొట్లాలు కట్టి ఉంచింది. డబ్బులు వద్దు. మీ ఇంట్లో కాయలు కాసినప్పుడు ఇంకో ఇంటికి ఇవ్వండి, చాలు. వానలు మొదలయ్యే ముందు ఒక శనివారం అందరం కలిసి సమాధుల తోటలో కంప కొట్టి, మట్టి గట్టు పోసి, ఎవరూ రాని సమాధుల దగ్గర రెండేసి మొక్కలు నాటుదాం. పారలు, తట్టలు తెచ్చుకోండి. మజ్జిగ మేము తెస్తాం.

ప్రార్థన చేసుకుందాం. తండ్రీ, ఎవరూ చూడని చోట కూడా పువ్వును పూయించే నీకు స్తోత్రం. ఆసుపత్రుల్లో ఉన్న పసిబిడ్డలను, వాళ్ళ పక్కన కునికిపాట్లు పడుతున్న తల్లులను జ్ఞాపకం చేసుకో. మందు కనిపెట్టినవాళ్ళ చేతులను, సూది వేసే చేతులను దీవించు. బిడ్డను పోగొట్టుకున్న ఇళ్ళల్లో నువ్వే కూర్చో. మా ఎండకాలంలో మా వేరును కాపాడు, మా సమృద్ధిలో మమ్మల్ని మునిగిపోనీయకు. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్.